ఎర్రదనం మీద ఇంకో పొర

ఒరేయ్ పెద్దోడా,

ఆ పిల్ల ముఖం పాడుచేసింది నువ్వే. మేకప్ అమ్మాయి కాదు, ఎండ కాదు, ఈతకొలను నీళ్ళు కాదు. నువ్వు. ఉత్తరమంటే దీవెనతో మొదలవ్వాలి గానీ ఇవాళ ముందు నింద, తర్వాతే దీవెన. చల్లగా ఉండు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మీ నాన్న క్షేమం. నా మోకాలు క్షేమం. మేడమీద పిల్లి ఈనింది, తల్లీపిల్లలు క్షేమం. నీ కాబోయే భార్యకు మాత్రం కుడికన్ను ఇవాళే పూర్తిగా తెరుచుకుంది.

ఫోను చేయొచ్చుగా అంటావు. నేను రెండు మాటలు గట్టిగా అనేసరికి నువ్వు పనిచేసే సొరంగంలో సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చివరిదాకా చదువు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు. హాలు ఖాయమైంది. మీ నాన్నకు బట్టలు కుట్టించాం. బొత్తాం పెట్టుకుంటే ఊపిరాడదట, ఊపిరి తీసుకుంటే బొత్తాం ఆగదట, ఏదో ఒకటి తేల్చుకోమన్నాను. ఇక, "మేకప్ ట్రయల్ ఎలా జరిగింది, ఆఖరి ఫోటో పంపలేదేం?" అన్నావు. చెబుతాను.

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. ఇరుకు గది, అద్దం చుట్టూ బల్బులు. పొద్దున పిల్లలకు ఈత నేర్పించి అట్నుంచి అటే వచ్చింది తను, జడ ఇంకా తడిగానే ఉంది. కుర్చీలో కూర్చోకముందే చెప్పింది.

"నాది ఊరికే కందిపోయే చర్మమండీ. ఏది రాసినా ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడమంది డాక్టరమ్మ."

"నాకూ అదే మంచిది అక్కా," అంది మేకప్ అమ్మాయి. "కానీ సార్ ఫుల్ లుక్ ఇవాళే చూడాలన్నారు. ఆయనకి ఆదివారం తప్ప సిగ్నల్ ఉండదట."

సార్ అంటే తమరు.

మొదటి ఫోటో వెళ్ళింది. "బాగుంది, ఇంకో షేడు తెల్లగా ఉంటే ఇంకా బాగుంటుంది" అన్నావు. తెల్లబరిచారు. రెండో ఫోటోకి "బుగ్గలు ఎర్రగా ఉన్నాయేంటి, కవర్ చెయ్యండి" అన్నావు. ఆ ఎరుపు ఎక్కడిది? రాసినదాని వల్ల వచ్చిందే! దాన్ని కప్పడానికి ఆకుపచ్చ క్రీము. ఆకుపచ్చను కప్పడానికి మరో పొర. ఆ పొర కింద మరింత ఎరుపు.

"మంటగా ఉందా తల్లీ?" అన్నాను.

"కొంచెం అత్తయ్యా. ఆయన ఒక్కసారి సరే అనేస్తే కడిగేసుకుంటాను."

నువ్వు సరే అనలేదు. "మెడ దగ్గర కూడా చూడండి" అన్నావు. అప్పుడు నేను అద్దానికి అడ్డంగా నిలబడి, "ఇంక చాలు, కడుగు!" అని అరిచాను. పక్కగదిలో జుట్టు కత్తిరించుకుంటున్నావిడ సగం తలతో తొంగిచూసింది. సాయంత్రానికి ఆ పిల్ల కళ్ళు గీతలయ్యాయి, పెదవులు ఉబ్బిపోయాయి. డాక్టరమ్మ కొలను వైపు వెళ్ళొద్దంది. అక్కడ పిల్లలేమో టీచరుని తేనెటీగలు కుట్టాయని ప్రచారం చేస్తున్నారు. నేను కాదనలేదు. ఏ తేనెటీగో నాకు తెలుసు.

ఒకటి చెప్పనా? నాకు ఒళ్ళు మండింది ఆ ఫోటోల వల్ల కాదు, నీ ఉత్తరం మూడో పేజీ వల్ల. సొరంగం గోడలోంచి నీరు ఊరుతుంటే కాంట్రాక్టరు దాని మీద సిమెంటు పూసి నున్నగా చేశాడని, నలుగురి ముందూ అతన్ని దులిపేశానని గొప్పగా రాశావు. "పైన పూస్తే లోపల ఆగుతుందా? గోడ ఏదో చెబుతోంది, వినవయ్యా" అన్నావట. శభాష్. గోడ చెబితే వింటావు. మనిషి చర్మం అదే మాట చెబితే ఇంకో పొర పూయమంటావు.

"ఒక్కరోజుకే కదమ్మా, ఫోటోలు జీవితాంతం ఉంటాయి" అనబోతావు, నాకు తెలుసు. చర్మం కూడా జీవితాంతం ఉంటుందిరా. ఫోటో గోడ మీద ఉంటుంది, చర్మం ఒంటి మీద ఉంటుంది. ఇంతకీ నీ ముఖానికి ఏం రాస్తున్నారు? ఏ షేడు? ఏ చెవి వెనక పరీక్ష? గడ్డం గీసుకుని తల దువ్వుకుంటే నువ్వు పెళ్ళికొడుకువి. పక్కపక్కన నిలబడే ఇద్దరిలో ఒకరికే ఈ మరమ్మతు ఎందుకని నువ్వు ఒక్కసారైనా అనుకున్నావా? అనుకోవు. ఆడదాని ముఖం ఉన్నది ఉన్నట్టు ఉండటమే తప్పని లోకం నేర్పింది. ఆ లోకంతో నేను ముప్ఫై ఏళ్ళుగా మీటింగుల్లో, పేపర్లలో పోట్లాడుతూనే ఉన్నాను. అది నా ఇంట్లోనే కూర్చుని నా అన్నం తిని పెరిగిందని తెలియలేదు.

ఆమెను నువ్వు మొదట చూసింది కొలను గట్టు మీద. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, ముక్కు ఎర్రగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వితే మాత్రం చూడాలి" అన్నావు. ఆ ముక్కే కదరా నీకు నచ్చింది? ఇప్పుడదే ఫోటోకి అడ్డమొచ్చిందా?

ఇక నీ ఆఖరి ప్రశ్న. "తను ఫోను ఎత్తడం లేదు, అలిగిందా?" ఇంతసేపూ దీన్ని దాటేస్తూ వచ్చాను. అలగలేదు. ఎత్తొద్దని చెప్పింది నేనే. నువ్వు రెండు తియ్యటి మాటలు చెబుతావు, ఆమె కరుగుతుంది, మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటుంది. అలా జరగకూడదనే.

"పెళ్ళి ఆగిపోతే అత్తయ్యా?" అంది భయంగా.

"ఆగితే ఆగనీ. ముఖం ఒలిచిచ్చి చేసుకునే పెళ్ళి నీకెందుకు?" అన్నాను.

లేచి వెళ్ళి కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత, వాచిన పెదవులతోనే, "అయితే నేను చెప్పేవి రాయండి," అంది. కింద ఉన్నవన్నీ ఆమెవి. చివరిదొక్కటే నాది.

మేకప్ అమ్మాయికి నువ్వు ఫోను చేయకూడదు, ఫోటోలు అడగకూడదు.

ఏ కొత్త డబ్బా అయినా ముందు చెవి వెనక, రెండు రోజులు. దురద పెట్టినా, కందినా ఆ డబ్బా బయటికి.

బ్రష్షులు తనవే వాడాలి. వాసన వేసే క్రీములు వద్దు.

పెళ్ళికి ముందు ఫేషియల్, బ్లీచ్ అంటూ ఎవరూ తన జోలికి రాకూడదు. మీ అక్కతో సహా. అక్కకు నువ్వే చెప్పాలి.

తెలుపు అన్న మాట తన ముందు మళ్ళీ అనకూడదు.

ఆ రోజు బుగ్గలు ఎర్రబడితే ఎర్రగానే ఫోటో తీయించాలి. ఏమీ రాసుకోకుండా వస్తే, అలాగే పక్కన నిలబడాలి.

ఇవన్నీ ఒప్పుకుంటేనే రైలెక్కు.

ఇట్లు,
నిన్ను కన్నందుకు అమ్మ,
ఈ గొడవలో మాత్రం ఆమె అత్తయ్య.