కల్లు పైసలు

సీఫ్, బహ్రెయిన్
9 ఫిబ్రవరి 2025

సౌభాగ్యవతి సరితకు దేవన్న దీవెనలు. నా ఒంట్లో బాగుంది, మనసు అంతకన్నా గట్టిగా ఉంది. నువ్వూ అత్తమ్మా బాగుండాలి.

నేను హోటల్లో దొంగతనం చేసి దొరికానని ఇక్కడ నాతో పనిచేసిన నర్సింలు ఊళ్లో చెప్పాడట. ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నా మాట నీకు అందలేదు. అందుకే ఊరికొస్తున్న పరమేశ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అడిగినవాళ్లందరికీ చదివి వినిపించు.

నేను ఊడ్చే గదిలో ఒక జర్మనీ పెద్దమ్మ దిగింది. ఆమె జ్వరంతో పడుకుంటే గంజి తెప్పించాను, వాంతులు ఎత్తాను. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక కవరు పెట్టింది. లోపల దీనార్లు, పైన ఒకే మాట: ట్రింక్‌గెల్డ్.

డ్యూటీ దిగుతుంటే గేటు దగ్గర సూపర్‌వైజర్ నా జేబులు వెతికించాడు. కవరు మీద డ్రింక్ అని ఉంది, ఇది తాగిన మందు బిల్లు, బార్‌లో కట్టాల్సిన సొమ్ము, నువ్వు నొక్కేశావు అన్నాడు. తప్పయిందని కాగితం మీద సంతకం పెట్టు, ఖలాస్, రేపు పనికి రా అన్నాడు. పెట్టెయ్యరాదే, నీదేం పోతది అని నర్సింలు కూడా అన్నాడు. చేయని తప్పుకు నా చెయ్యి లేవదన్నాను. మర్నాడే నర్సింలు విమానమెక్కాడు. తర్వాతిది అతనికి తెలియదు.

ఆ పెద్దమ్మకు ఫోన్ చేసేదాకా కదలనని మేనేజర్ గది ముందు కూర్చున్నాను. చివరికి చేశారు. ట్రింక్ అంటే తాగడం, గెల్డ్ అంటే డబ్బు అని ఆమె చెప్పింది. పాతకాలంలో పనిచేసిన మనిషికి, తమ పేరు చెప్పుకుని ఓ గుక్క తాగమని ఇచ్చేవారట. రానురాను తాగుడు పోయి మాట మిగిలిందట. ఇప్పుడు వాటితో పిల్లలకు పాలు కొన్నా పేరు అదేనట. నాకు నవ్వొచ్చింది. మన దగ్గర స్లాబ్ పోసినోళ్లకు కల్లు పైసలివ్వమా? మా ఊళ్ళె గూడ గిట్లనే ఇస్తరమ్మా అని తెలుగులోనే చెప్పాను.

సూపర్‌వైజర్ కవరు తిరిగిచ్చి వెళ్లమన్నాడు. గేటు దగ్గర అందరి ముందు దొంగ అన్నావు, అక్కడే కాదని చెప్పు అన్నాను. చెప్పాడు, నేల చూస్తూ.

నీ
దేవన్న

తా.క.: పైన రాయనిది ఒకటుంది. ఆ వారమే నా కాంట్రాక్టు పొడిగించేది లేదన్నారు. పని తగ్గిందట. నా జాగాలో అప్పుడే కొత్త మనిషి వచ్చాడు. మార్చిలో ఇంటికి వచ్చేస్తున్నాను. సంతకం పెట్టి ఉంటే ఇంకో రెండేళ్లు ఉండేవాడు కదా అని ఎవరైనా అంటారు. నిజమేనని చెప్పు. దొంగగా ఉండటానికి మా ఆయన ఒప్పుకోలేదని కూడా చెప్పు.