పిడికెడు పుదీనా

సుజాతా,

నువ్వు పోయి ఏడాది నిండిన వారంలోనే నీ సంఘం పుట్టింది. శామీర్‌పేట రైతులూ మన తూంకుంట కాలనీవాళ్లూ కలిసి ఆహార సంఘం పెట్టుకున్నారు. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు కాకముందే అక్కడ పండేది మనం కొనాలని నువ్వు ఇంటింటికీ తిరిగి చెప్పేదానివి. అప్పుడు తలలూపి పంపేసినవాళ్లే ఈ రోజు ముందు వరసలో కూర్చున్నారు.

మొదటి మీటింగులోనే పేచీ. ఆకుకూరలు కూడా తూచి, ప్యాకెట్లు కట్టి అమ్మాలని మనవాళ్లు పట్టుబట్టారు. నీకు రోజూ గేటు దగ్గర కూరలిచ్చే మల్లమ్మ లేచింది.

"తూకం పెట్టుండ్రి సారూ, నేనొద్దంటలేను. గని కొసరు ఎయ్యకుండ ఇయ్యనీకి నాకు చేతులు రావు."

అందరూ నవ్వేశారు. కొసరు ఉండాలనేదే సంఘం చేసిన మొదటి తీర్మానం. మల్లమ్మ కొడుకు కూడా ఈ ఏడు పొలం అమ్మనన్నాడు.

బయటికొచ్చాక మల్లమ్మ నా సంచిలో గోంగూర వేసి, పైన పిడికెడు పుదీనా పెట్టింది.

"అమ్మకు పచ్చడంటే మస్తు ఇష్టం గద..."

అని ఆగిపోయింది. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"ఉండనీ మల్లమ్మా" అన్నాను.

పుదీనాను పొయ్యి పక్కన గ్లాసు నీళ్లలో పెట్టాను. పచ్చడి చేయడం నాకు రాదు. పుదీనా ఇచ్చినప్పుడల్లా మర్నాడు మల్లమ్మ "పచ్చడి ఎట్లైందమ్మా?" అని నిన్ను అడిగేది కదా, రేపు నన్ను అడగదు.