గంటన్నరలో ఎంత అల్లగలను?

అక్కా,

క్షేమంగా ఇల్లు చేరాను. బావగారి స్వెటర్‌కి ఒక చెయ్యి లేకుండా పోయినందుకు నన్ను కాదు, విమానం టికెట్ కొన్న తమ్ముణ్ణి తిట్టు. వెయ్యి కిలోమీటర్లంటే నా లెక్కలో రెండు చేతులు. ఎప్పుడూ రైలు దిగేలోపు రెండూ అల్లేసేదాన్ని. ఈసారి మీ ఊరు వచ్చేటప్పుడు గంటన్నరలో దింపేశారు! మణికట్టు దగ్గరి పట్టీ కూడా పూర్తవలేదు. "ఇంకాసేపు తిప్పకూడదా అమ్మాయ్?" అంటే ఎయిర్ హోస్టెస్ పకపకా నవ్వింది. మీ ఇంట్లో కబుర్లతోనే సరిపోయి, వారం రోజులున్నా ఒక్క చెయ్యే అయింది.

బావగారు దాన్ని అలాగే తొడుక్కుని తిరుగుతున్నారట కదా, తిరగనివ్వు. రెండో చెయ్యి మాత్రం నువ్వు మొదలుపెట్టకు. అదీ అయిపోతే, మళ్ళీ రావడానికి నాకు వంకేముంటుంది?

నీ చెల్లి