తేడా లేదని రాశాను

అక్కా, నేను బాగున్నాను, ఒళ్ళు మండుతోందంతే.

నాన్న అడిగినవాళ్ళకి నేను ఇనుము చెక్కే లేతు షాపులో పని చేస్తున్నాననే చెప్తున్నాడట, చదువు మాట ఎత్తడట. ఫెయిలైతే నవ్వుతారని భయమా? ట్యూషన్ లేకుండా చదివి తెచ్చుకున్న ఎమ్మెస్సీ సీటు దాచుకోవడానికా? ఇది ఆయనకి చదివి వినిపించు.

నిన్న కాలేజీ ల్యాబులో తీగ మందం కొలిచి, కొలతలో ఎంత తేడా ఉండొచ్చో రాయాల్సిన చోట "తేడా లేదు" అని రాశాను. షాపులో తేడా వస్తే మేస్త్రి ఆ ముక్క మన మొహానే కొడతాడు, ఆ అలవాటు. మేడమ్ ఆ మాట కొట్టేసింది.

"తేడా లేకుండా కొలవడానికి నువ్వేమైనా దేవుడివా నాయనా?" అంది. అందరూ నవ్వారు.

"నా చెయ్యి తప్పదు మేడమ్."

"తప్పుతుంది. ఎంత తప్పుతుందో చెప్పగలిగినవాడే ఇక్కడ పనికొస్తాడు."

పళ్ళు నూరుకుంటూనే మళ్ళీ మళ్ళీ కొలిచాను. ప్రతిసారీ కాస్త మారింది. ఉన్నదున్నట్టు రాసిచ్చాను, సంతకం పెట్టింది. ఆ సంతకం చూసుకుని సాయంత్రం పనికి షాపు దాకా ఛాతీ విరుచుకుని నడిచాను.

నా పాత స్వెట్టర్ పంపు. కుళాయి కారడం ఆగిందా? ఆగకపోతే వాషర్ మార్చు, సుత్తితో కొట్టకు. చెల్లిని లెక్కలు మానొద్దను.

మావాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ అని నాన్నని వీధిలో గట్టిగా చెప్పమను. ఫెయిలైతే ఆ మాటా నేనే వచ్చి అంతే గట్టిగా చెప్తాను. అమ్మకీ ఆయనకీ నా నమస్కారాలు.

నీ తమ్ముడు