కొని ఎక్కాల్సిన రైలు

జూన్ 3, సోమవారం

మార్కెట్‌లో వంకాయలు అన్నీ అమ్ముడుపోయాయి. బీన్స్ సగం మిగిలాయి. పక్క బల్ల దగ్గర అమ్మే మేరే తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని రైలు నడుపుతున్నాడు. నిజం రైలు కాదు, ఆట. కిటికీలోంచి పట్టాలు వస్తూనే ఉన్నాయి... ఆగకుండా.

"మీ ముసలాయనకి కొనిపెట్టు ఆంటీ. అన్నేళ్లు చెరకు మిల్లు రైలు తోలినవాడు. ఇప్పుడు వరండాలో కూర్చుని బస్సులు లెక్కపెడుతున్నాడు."

చూద్దాం అన్నాను.

"ఆయనకి" అన్నది మేరే. నేను అనలేదు.

జూన్ 4

ఈ పుస్తకం ఆయన ఎదురుగానే బల్ల మీద ఉంటుంది. తెలుగు అక్షరాలు ఆయనకి రావు. నాకు నాన్న ఆదివారాలు గుడి షెడ్డులో పలక మీద దిద్దించాడు. ఇంట్లో మాట హిందీ, మధ్య మధ్య తెలుగు. రాత మాత్రం ఇదే. దాచిపెట్టే పని లేదు.

కాబట్టి రాయొచ్చు. ఆ ఆట నాకు కావాలి.

జూన్ 6

బీన్స్ కోస్తూ పొద్దున్నంతా ఫోకట్ రైలు గుర్తొచ్చింది. లటోకా నుంచి సింగటోకా దాకా చెరకు కంపెనీ నడిపిన రైలు. టికెట్టు లేదు, అడిగేవాడు లేడు. పక్కలు లేని పెట్టెలు, చెక్క బల్లలు, మధ్యలో కోళ్ల గంపలు. పరుగెత్తి ఎక్కొచ్చు, అంత మెల్లగా పోయేది. చెరకు గట్టు మీద ఎవరు చెయ్యెత్తినా ఆగేది. ఒకసారి అమ్మ చెప్పు జారి పడింది. దానికీ ఆగింది.

తెల్లదొరలు పోయి దేశం జెండా మారిన సంవత్సరం నాకు పదిహేను. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ రైలు తీసేశారు. నేను అప్పుడు కూడా పెట్టెలోకి కాదు, ముందు ఇంజన్ వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

జూన్ 8

రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను.

మా అమ్మాయి సరోజ కడుపులో ఉన్న ఏడు. చెరకు బండ్లు నింపే సైడింగ్ దగ్గరికి ఆయనకి భోజనం తీసుకెళ్లాను. మామిడి నీడలో కూర్చుని ఆయన రొట్టె తింటున్నాడు. లోకో ఖాళీగా ఉంది, ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. ఎక్కాను. బ్రేకు పిడి మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది, నూనె జిడ్డు. అంతే.

"దిగు. గ్యాంగు సర్దార్ చూస్తాడు."

దిగాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 10, సోమవారం

మార్కెట్ అయ్యాక ఫోన్ల కొట్టుకి వెళ్లాను. మనవరాలు షాలిని నిరుడు ఇచ్చి వెళ్లిన పాత లాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను.

కొట్టతను అల్మారా కింద నుంచి కాపీ డిస్కుల డబ్బా లాగాడు. రైలు ఆట కూడా ఉంది. పెన్నుతో రాసిన పేరు, చౌక.

"ఎవరికి ఆంటీ? మనవడికా?"

"ఇంట్లోకి."

డిస్కు పట్టుకుని లాప్‌టాప్ చుట్టూ తిప్పి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. డిస్కు పెట్టే నోరే లేదు దీనికి.

"ఇది మూసిన నోటి మెషిన్ ఆంటీ. ఇంటర్నెట్‌లోంచి తీసుకోవాల్సిందే." తర్వాత ఏవో మీటలు నొక్కి నొసలు చిట్లించాడు. "అయినా అంత పెద్ద రైలు లాగుతుందా ఇది? ముసలి ఎద్దు."

లాగకపోతే? అన్నాను.

"ఆగి ఆగి నడుస్తుంది."

మా రైలు అలాగే నడిచేది.

జూన్ 11

షాలినికి ఫోన్. సరోజ కూతురు నసీనులో ఉంటుంది, రోజూ బస్సులో సువా ఆఫీసుకి. దాని మధ్యాహ్నం భోజనం టైములోనే దొరుకుతుంది.

సువా పెద్ద దుకాణంలో అట్టపెట్టెలో అమ్ముతారట. పెట్టె తెరిస్తే లోపల కాగితం, కాగితం మీద నంబరు. ఆ నంబరు కొట్టి మళ్లీ ఇంటర్నెట్‌లోంచే దించుకోవాలి.

"మరి పెట్టె దేనికి?"

"షెల్ఫులో పెట్టుకోడానికి నానీ." నవ్వుతోంది. "నేరుగా ఇంటర్నెట్ దుకాణంలో కొందాం, నా కార్డు మీద. అక్కడ ఒక మంచి పద్ధతుంది. విడతలుగా ఆడినా సరే, ఆడింది రెండు గంటలు దాటకముందే బాగోకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. నానాకి నచ్చకపోయినా నష్టం లేదు."

నానాకి, అంటే తాతకి. మళ్లీ అదే.

మా ఇంట్లో నెట్ చుక్క చుక్కగా వస్తుంది. నసీను రమ్మంది.

జూన్ 12

ఆయనతో చెప్పాను. యంగోనా వేరు రసం తాగే గిన్నె కడుగుతున్నాడు. చెయ్యి ఆగింది.

"రైలుకి డబ్బు కట్టడమా?"

"ఆటకి."

"మన జన్మలో రైలెక్కడానికి పైసా ఇచ్చామా? మీ అమ్మ ఇచ్చిందా?"

షాలిని చెప్పినదంతా చెప్పాను. ముందు ఆట కొనాలి. దానితో ఒకటి రెండు లైన్లు వస్తాయి. వేరే లైను కావాలంటే మళ్లీ కొనాలి. వేరే ఇంజన్ కావాలంటే అదీ.

"లైను వేరే, ఇంజన్ వేరే. డ్రైవర్ జీతం ఎవడిస్తాడు?"

గిన్నె బోర్లించి బయటికి పోయాడు. మెట్ల మీద నవ్వు వినపడింది.

జూన్ 15, శనివారం

షాలిని రెండు ఆటలు ఎంచింది. బొమ్మలు ఫోన్‌కి పంపింది.

ఒక దానిలో చెరకు రైలు ఉందట. క్వీన్స్‌లాండ్‌లో ఎవరో ముసలాయన సరదాకి తయారుచేసి ఊరికే పెట్టాడు, ఆట కొంటే చాలు. సన్న పట్టాలు, చెరకు బండ్లు, సైడింగులు. అచ్చం మనదే.

రెండోది మంచు కొండల లైను. ఎర్ర ఇంజన్, పొడుగు పెట్టెలు, పెట్టెల నిండా మనుషులు. సొరంగాలు, స్టేషన్లు. దానికి డబ్బు కట్టాలి.

"నానాకి చెరకుదే, ఫైనల్?" అని రాసింది.

ఆయనకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చెరకు రైలు కొక్కేలు పరీక్షగా చూశాడు. "కొక్కెం తప్పు. ఇలా అయితే రెండో మలుపులో ఊడిపోద్ది." మంచు కొండల బొమ్మ రాగానే ఫోన్ నాకు ఇచ్చేశాడు.

చెరకు నాకు వద్దు. మనుషులు ఎక్కే రైలు కావాలి. ఎక్కాలి, దిగాలి, ముందు కూర్చుని నేను వాళ్లని తీసుకెళ్లాలి. అరవై నాలుగేళ్ల మనిషి నోటితో ఈ మాట ఎలా అంటుంది?

ఫోన్ బోర్లా పెట్టి బియ్యం కడగడానికి లేచాను.

జూన్ 17

వాన. మార్కెట్ లేదు. మంచు కొండల బొమ్మ నాలుగుసార్లు చూశాను.

జూన్ 18

మేరే అడిగింది, కొన్నారా అని. ఇంకా లేదన్నాను. "ఇసా, పాపం, ముసలాయన ఎదురు చూస్తుంటాడు." బీన్స్ కట్టలు కట్టడంలో మునిగినట్టు తల వంచాను. అది ఒక్క నిమిషం చూసి, "సెగా... కాదు కాదు, ముసలాయనకి కాదు కదా?" అంది. దాని పొట్ట ఊగుతోంది నవ్వుకి. రెండు దాలో దుంపలు నా సంచిలో పడేసింది. "డ్రైవర్‌కి బలం కావాలి."

ఎవరికీ చెప్పొద్దన్నాను. సాయంత్రానికి ఆ వరసలో బల్లలన్నిటికీ తెలిసింది.

జూన్ 21, శుక్రవారం

పొద్దున బస్సులో సువా, అక్కడి నుంచి ఇంకో బస్సులో నసీను. లాప్‌టాప్ నా ఒళ్లో. ఆయన వంకాయల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా పక్కన గడ్డిలో పాత పట్టాలు కనిపించినంతసేపు కిటికీ వైపు తిరిగే ఉన్నాడు. పట్టాలు అయిపోయాక నిద్రపోయాడు.

పెళ్లయి నలభై మూడేళ్లు. "సరోజా వాళ్లమ్మా" అంటాడు. నేను "ఇదుగో" అంటాను. పేర్లతో అవసరం పడలేదు.

జూన్ 22

షాలిని బల్ల చుట్టూ ముగ్గురం. కార్డు నంబరు కొట్టింది. చెరకు రైలు పేజీ తెరిచింది. ఒక్క నొక్కు మిగిలింది.

"నానా, నొక్కనా?"

టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు. "నన్నెందుకు అడుగుతావు?"

"నీకే కదా నానా."

"ముప్పై ఒక్క ఏళ్లు చెరకు లాగాను. ఇంకా లాగాలా?" బిస్కెట్టు తిన్నాడు. "వారం నుంచి ఫోన్‌లో ఆ మంచు కొండలు ఎవరు చూస్తున్నారో వాళ్లని అడుగు."

షాలిని నా వైపు తిరిగింది. నాకు చెవులు కాలాయి. చీర కొంగు సర్దుకోవడం తప్ప వేరే పని దొరకలేదు.

"నానీ, నీకా?"

"...మనుషులు ఎక్కేది," అన్నాను.

"అరే," అంది, పేజీ మార్చింది. నొక్కింది.

జూన్ 23, ఆదివారం

ఆట లాప్‌టాప్‌లోకి దిగడానికి పొద్దున దాకా పట్టింది. తెరవగానే ఒక ఖాళీ గడి వచ్చింది. డ్రైవర్ పేరు రాయమంటుంది.

"ఏం పెట్టను? 'నానీ' పెట్టనా?"

నేను ఏదో ఒకటి అనబోయాను. అప్పుడు ఆయన, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ—

"నర్సమ్మ."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. షాలిని అక్షరాలు కొడుతోంది. నా పేరు ఆయన నోట రావడం నేను మొదటిసారి విన్నాను. నాన్న తర్వాత ఎవరూ అలా పూర్తిగా అనలేదు.

ఎర్ర ఇంజన్ లోపల తెర నిండా మీటర్లు. బ్రేకు ఒక మీట, ముందుకి ఒక మీట. వేలు పెట్టి తీశాను. మళ్లీ పెట్టి తీశాను.

"కానివ్వు," అన్నాడు ఆయన. "సర్దార్ లేడిక్కడ."

ఆ రోజు మరిచిపోలేదన్నమాట.

జూన్ 25

ఇంట్లో. కొట్టతను చెప్పింది నిజం. లాప్‌టాప్ వేడెక్కుతోంది, రైలు ఆగి ఆగి గెంతుతోంది. ఫోన్‌లో షాలిని ఏవో తగ్గించమంది. తగ్గించాక చెట్లు అట్టముక్కల్లా అయ్యాయి, మంచు సున్నంలా ఉంది.

"చెట్లతో ఏం పని," అన్నాడు ఆయన. వెనక మోడా పీట వేసుకుని కూర్చున్నాడు. "మలుపు. ముందే తగ్గించు. ఇంకా... ఇంకా. హా."

మొదటి స్టేషన్‌లో ప్లాట్‌ఫారం దాటి పోయాను. రెండోదానికి ముందే ఆగాను. మూడోదానిలో సరిగ్గా ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, బొమ్మ మనుషులు ఎక్కారు. సంచులతో ఒకామె ఎక్కింది. నా నోరు ఊరికే నవ్వుతోంది, ఆపడం నా వల్ల కాలేదు.

రెండు గంటల్లో నలభై నిమిషాలు అయిపోయాయి.

జూన్ 26

సొరంగం దాటగానే ఒక కంచె. కంచె దగ్గర ఒక మనిషి, చెయ్యెత్తి ఉన్నాడు. బ్రేకు వేశాను.

అతను కదల్లేదు. నేను తలుపులు తెరిచి ఉంచాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆలస్యం, మార్కులు కోత, ఇంకా ఏదో. ఆయన వంగి చూశాడు.

"ఎక్కట్లేదేం?"

"ఏమో. సామాను ఉందేమో."

ఇద్దరం ఆగాం. చాలాసేపు ఆగాం. ఆట తనంతట తానే అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలు.

షాలినికి ఫోన్ చేస్తే దాని ఆఫీసు వాళ్లంతా వినేలా నవ్వింది. "నానీ, అతను బొమ్మ. రైలుకి టాటా చెబుతున్నాడు, అంతే. ఎప్పటికీ ఎక్కడు."

"చెయ్యెత్తితే ఆపాలి కదా," అన్నాడు ఆయన పక్క నుంచి, ఫోన్‌లోకి. "మీ ఆటవాడికి తెలీదా?"

మళ్లీ వెళ్లాను. మళ్లీ ఆపాను. ఆపినందుకు ఆట మళ్లీ పోయింది. ఆ కంచె అవతల నాలుగో స్టేషన్ ఉందట. ఇంకా చూడలేదు.

జూన్ 27, గురువారం

మార్కెట్‌లో వరసంతా అడుగుతోంది. ఎంత దూరం వెళ్లావు ఆంటీ, మంచు ఎలా ఉంది. సున్నంలా ఉందన్నాను. మేరే తన ఇంట్లోంచి మెత్తటి దిండు తెచ్చింది, డ్రైవర్ కుర్చీకి.

షాలిని సాయంత్రం లోపు చెప్పమంది. ఉంచుకోవాలా, వెనక్కి ఇచ్చేయాలా. ఉంచుకుంటే ఈ ముసలి ఎద్దు లాప్‌టాప్‌తోనే సరిపెట్టుకోవాలి. ఇచ్చేస్తే డబ్బు వచ్చేస్తుంది, కొత్త లాప్‌టాప్ కొన్నాక చూడొచ్చు. కొత్తది ఎప్పుడు కొంటాం?

రెండు గంటల్లో పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

ఆయన తలుపు గడియ పెట్టి వచ్చి మోడా లాక్కున్నాడు. ఈసారి దాటి పొమ్మనలేదు, ఆపమనీ అనలేదు. నువ్వే డ్రైవర్‌వి అన్నాడు.

సొరంగం చివర వెలుతురు కనిపించగానే ఆట ఆపి పెట్టాను, ఈ నాలుగు ముక్కలు రాయడానికి. తెర మీద అన్నీ నిలబడిపోయాయి. అట్టముక్కల చెట్లు, సున్నం మంచు. కంచె చిన్నగా కనిపిస్తోంది. అతను చెయ్యెత్తే ఉన్నాడు.