నిలబడి తీసిన ఫోటో

9 జూలై 2024, మంగళవారం

పొద్దున్నుంచి నలభై మూడు ఎక్స్‌రేలు తీసినా. ఏసీ ఉండేది మిషన్ రూములోనే. నా టేబుల్ దగ్గరుండే ఫ్యాన్ తిరగడానికే మూలుగుతాండాది. మా స్కానింగ్ సెంటర్ ఓనర్ హనుమేష్‌కు చెప్తే మిషన్ చల్లగుంటే చాలు కదమ్మా అన్నాడు. నిజమే. నేను చెడిపోతే ఎమ్మిగనూరులో ఇంకో మహేశ్వరి దొరుకుతుంది. మిషన్ చెడిపోతేనే కష్టం.

మధ్యాహ్నం సుంకమ్మ అని ఒకామె వచ్చింది. మంత్రాలయం పక్క పల్లె. నలభై దాటింటాయి. కలుపు కూలి. కుడి పాదంలో, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్యన మంటంట. ఎనిమిది నెలలంట. గొంతుక్కూర్చొని కలుపు తీసేటప్పుడు బరువంతా వేళ్ళమీద పడుతుంది కదా, అప్పుడు షాక్ కొట్టినట్టు ఝుమ్మంటుందంట. వాపు లేదు, పుండు లేదు. చూడ్డానికి కాలు నిక్షేపంగా ఉండాది. టేబుల్ మీద కూర్చోబెట్టి, ఫోటో పడే క్యాసెట్ పలక మీద పాదం పెట్టించి తీసేసినా. మూడు నిమిషాల పని.

మెట్టెలు తీయమనలే. నేను ఎవరినీ తీయమనను. మా ఆయన పోయి ఆరేండ్లు. బోసి వేళ్ళతో ఉండే ఆడది ఇంకో ఆడదాన్ని మెట్టెలు తీయమంటే ఎట్లుంటుంది? కొత్తలో ఒక పిల్లను అడిగినా. వాళ్ళత్త నా కాళ్ళు చూసి రూమంతా ఎగిరింది. అప్పట్నుంచి ఫోటోలో వెండి నీడ పడితే పడనీలే అనుకుంటా. రిపోర్టు రాసే డాక్టరు హైదరాబాదులో ఉంటాడు, ఆయనా అడగడు.

పోతా పోతా ఏమన్నా కనపడిందా అని అడిగింది. వెనకాల లైన్లో పదిమంది. ఏం లేదులేమ్మా, అంతా నార్మల్ అని కవరు చేతిలో పెట్టినా. మొగుడు ఉరుకుందు తలుపు దగ్గరే నిలబడి విన్నాడు.

12 జూలై

మబ్బు పట్టింది, పోయింది. మా సీమలో మబ్బు కూడా చూసిపోవడానికే వస్తుంది.

6 ఆగస్టు, మంగళవారం

కొత్త ఎముకల డాక్టరు వచ్చింది. హర్షిణి. కడప ఆమె. ఇకమీద ప్రతి మంగళవారం మా సెంటర్లోనే చూస్తుందంట. చూస్తే కాలేజీ పిల్ల మాదిరుండాది. ఏం చూస్తుందిలే అనుకున్నా. పదకొండేండ్ల సర్వీసు కదా నాది, పొగరు నాకు!

పదకొండు గంటలకు నన్ను లోపలికి పిలిపించింది. కుర్చీలో సుంకమ్మ. టేబుల్ మీద నేను తీసిన ఫిల్మ్. డాక్టరు మూడే మాటలు అడిగింది. కూర్చోబెట్టి తీసినావా? మెట్టెలు ఎందుకున్నాయి? నార్మల్ అని చెప్పింది ఎవరు?

నాకు మండింది. నొప్పి నరానిదైతే ఎక్స్‌రేలో నరం కనపడదు కదా మేడం, కూర్చోబెడితే ఏంది, నిలబెడితే ఏంది అన్నా. ఆమె అరవలే. అరిచింటే బాగుండేది. కనపడదు కాబట్టే చుట్టుపక్కల ఎముకలు సరిగా చూడాల అనింది. పగులుందా, కీళ్ళవాతముందా, అవి లేవని ముందు తేలాల. రెండు ఎముకల మధ్యన నరం ఉబ్బితే, బరువు మోపినప్పుడు కొందరికి వేళ్ళు పక్కకు జరుగుతాయంట. అందరికీ కాదంట. బరువు లేకుండా కాలు ఊరికే పెట్టుకొనుంటే అది ఎట్ల తెలుస్తుంది అనింది. వెండి నీడ కింద ఎముక పగిలుంటే నీకు ఎట్ల తెలుస్తుంది అని కూడా అడిగింది.

ఫిల్మ్ ఎత్తి వెలుతురుకు పెట్టి మళ్ళీ చూసినా.

సుంకమ్మ మెట్టెలు తీయనంటే తీయననింది. మొగుడు బతికుండగా తీస్తే ఊర్లో బతకనిస్తారా అని. నా బోసి వేళ్ళు చీర కింద దాచుకున్నా.

అప్పుడు చూసినా ఆమె మోచెయ్యి. నల్లగా కమిలిపోయింది. డాక్టరు అడిగితే చెప్పింది, నన్ను చూడకుండా. ఫోటోలో ఏం లేదని ఆ మేడమే చెప్పింది కదా, ఇంక కలుపుకు పోకుండా ఈ దొంగేషాలేంది అని ఉరుకుందు కట్టెతో కొట్టినాడంట. కూలి గుంపులో ఆడవాళ్ళు కూడా నవ్వుతారంట. సుంకమ్మకు నొప్పి వచ్చింది, ఇంక గట్టుమీద కూర్చుంటుంది చూడండి అని.

వచ్చే మంగళవారం మొగున్ని పిలుచుకొని రమ్మనింది డాక్టరు.

6 ఆగస్టు, సాయంత్రం 6:40

మిషన్ ఆఫ్ చేసినా గానీ ఇంటికి పోబుద్ధి కాలే. లైనెక్కువుందని తొందరలో నార్మల్ అని ఒక్క మాట అన్నా. ఆ ఒక్క మాట ఊరికి పోయి కట్టె పట్టుకుంది. కొట్టింది వాడే, వాన్ని నేనేం వెనకేసుకొని రాను. కానీ వాని చేతికి సాక్ష్యం ఇచ్చింది నేను. ఆ మెట్టె కింద ఎముక ఎట్లుందో నాకు తెలీదు. తెలీకుండానే నార్మల్ అన్నా. తూ, నా సర్వీసు!

మంగళవారం కూడా ఏం కనపడకపోతే ఆమె గతేంది?

10 ఆగస్టు

ఉరుకుంద ఊర్లో గుడి జాతర, ఆ జనం. కాళ్ళు బెణికినోళ్ళే ముప్పైమంది. అందరినీ నిలబెట్టి తీయాలనిపిస్తాండాది. పిచ్చి పట్టినట్టుండాది.

13 ఆగస్టు, మంగళవారం

వరసగా రాస్తా.

ఉరుకుందు వచ్చినాడు. మొహం ముడుచుకొని. మళ్ళీ ఫోటో ఎందుకు, ఒకసారి తీసినారు కదా అని నన్నే అడిగినాడు. ఆ పొద్దు నేను సరిగా తీయలేదప్పా, తప్పు నాది అన్నా. పదకొండేండ్లలో పేషెంటు ముందర ఆ మాట అనడం ఇదే మొదలు. మెట్టెలు తీయాల, నేనడిగితే బాగుండదు, నాకు మొగుడు లేడు, నువ్వే తియ్యి అన్నా. అట్లనే అన్నా, ఉన్నదున్నట్టు. వాడు నా కాళ్ళ దిక్కు చూసి తల దించుకున్నాడు.

నేలమీద కూర్చున్నాడు. ఆమె పాదం తొడమీద పెట్టుకున్నాడు. ఎడమ కాలివి వచ్చినాయి. కుడికాలివి రాలే. సబ్బునీళ్ళు తెచ్చిచ్చినా. మెల్లిగా తిప్పి తిప్పి తీసినాడు, కళ్ళకద్దుకొని జేబులో వేసుకున్నాడు. కొట్టిన చేతులు అవే. సుంకమ్మ గోడకల్లా చూస్తాండాది.

క్యాసెట్ నేలమీద పెట్టి, పైన ప్లాస్టిక్ షీటు పరిచినా. ట్యూబు దించి కొంచెం వంచినా. సుంకమ్మా, రెండు కాళ్ళమీద సమంగా నిలబడమ్మా, బరువు మోపు అన్నా. మోపింది. పళ్ళు కొరికింది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమన్నా. నేనూ బిగబట్టినా.

ఫోటో స్క్రీన్ మీదికి వచ్చింది.

ఎడమ పాదం వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉన్నాయి. కుడి పాదంలో మూడో వేలు ఇటు, నాలుగో వేలు అటు. మధ్యన సందు. జులైలో తీసిన ఫిల్మ్ పక్కన పెట్టి చూసినా, అందులో సందు లేదు. అదే కాలు. అవే ఎముకలు. నిలబడేసరికి జరిగినాయి. ఆ సందులో ఏమీ కనపడ్డం లేదు, వట్టి నలుపు. ఆ నలుపులోనే ఉండాది ఇన్ని నెలల మంట అంతా. కనపడని దానికి ఎముకలు పక్కకు జరిగి చోటిచ్చినాయి! ఇన్నేండ్లు ఎముకలు రాళ్ళ మాదిరి ఉంటాయనుకున్నా. దేవుడా, ఇంత కాలం నేను ఏం చూసినట్టు?

ఎక్కడా పగుల్లేదు, కీళ్ళు బాగున్నాయి. మెట్టె నీడ పడిన చోట కూడా ఎముక శుభ్రంగా ఉండాది. ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తాండా.

డాక్టరు ఈ సందు ఒక్కటే చూసి తేల్చకూడదని చెప్పింది. పాదాన్ని రెండుపక్కలా పట్టి నొక్కింది. సుంకమ్మ అబ్బా అని అరిచింది. మళ్ళీ నొక్కుతా, ఇట్ల రా అని ఉరుకుందు బొటనవేలు తీసుకొని ఆ సందు కింద పెట్టింది. లోపల టిక్కుమని ఏదో కదిలింది వాని వేలికింద. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఉండాదే, ఉండాదే అని రెండుసార్లు అన్నాడు. లేచి కిటికీ దగ్గరికి పోయినాడు.

సుంకమ్మ ఏడవలే. నవ్వలే. ఫోటోలో వచ్చిందా మేడం అని నన్నడిగింది. వచ్చిందమ్మా అన్నా. నాకే ఏడుపు వచ్చింది.

14 ఆగస్టు

సుంకమ్మకు స్కానింగులో కూడా తేలింది. శనగ్గింజంత గడ్డ, నరం మీదనే.

20 ఆగస్టు, మంగళవారం

సుంకమ్మకు ఇంజెక్షన్ వేసినారు. వెడల్పు చెప్పులు, లోపల మెత్త. కలుపుకు గొంతుక్కూర్చోకూడదు, చిన్న పీట వేసుకోవాల. తగ్గకపోతే ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దామనింది డాక్టరు.

పీట ఉరుకుందు చేయించినాడంట, తుమ్మకట్టెతో. కుడికాలికి కొన్నాళ్ళు మెట్టెలు వద్దన్నారు. వానికి మనసొప్పలే, ఊరోళ్ళు ఏమంటారో అని గొణిగినాడు. నువ్వు నాకు ఒక కాలికే మొగుడుగా ఉంటే చాల్లే అనింది సుంకమ్మ. డాక్టరు పడీ పడీ నవ్వింది. వాడూ నవ్వబోయినాడు, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. కట్టె సంగతి ఆమె ఇంకా మర్చిపోలే. మర్చిపోవాలని నేనేం చెప్పలే.

బోర్డు రాసి మిషన్ రూము తలుపుకు అంటించినా. మెట్టెలు, పట్టీలు తీసి రావాల అని. అత్తలు ఎగిరితే ఎగరనీ.

9 సెప్టెంబర్, ఉదయం 9:15

తలుపు తీసేసరికి మెట్లమీద ఏడుగురు ఆడవాళ్ళు. సుంకమ్మ గుంపోళ్ళంట. ఆటో మాట్లాడుకొని వచ్చినారు. ఒకామెకు మడమ, ఒకామెకు నడుము, గిడ్డమ్మ అనే ముసలామెకు మోకాలు పద్దెనిమిదేండ్లుగా. డాక్టరు చీటీ ఎవరి దగ్గరా లేదు. మందులడగలే. నొప్పి నిజమని రాసియ్యమంట, ఇంట్లో చూపిచ్చాలంట.

చీటీ లేకుండా ఫోటో తీయకూడదు. డాక్టరు వచ్చేది రేపు. అందరినీ ఫ్యాన్ కింద కూర్చోబెట్టినా. పేరు, యాడ నొప్పి, ఎన్నాళ్ళుగా, ఒక్కొక్కరినీ అడిగి రాస్తాండా. గిడ్డమ్మది ఇంకా అయిపోలే. లైన్లో ఉండేవాళ్ళు అరుస్తాండారు. అరవనీ.