జేబుల్లేని జ్ఞాపకం

నాన్నకి,

నమస్కారాలు రాశాననుకో. రాయకపోతే అమ్మ నొచ్చుకుంటుంది కాబట్టి రాసినట్టే లెక్క.

రెండు వీధుల అవతల ఉండి ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఎదురుగా నిలబడి చెబితే నువ్వు మాట మార్చేస్తావు నాన్నా. జనం చూపును ఒక చేతి మీదికి లాగి రెండో చేత్తో మ్యాజిక్ కానివ్వడం నీ వృత్తి. ఇంట్లోనూ అదే వరస. నేను కోటు సంగతి ఎత్తగానే నీకు దగ్గు వస్తుంది, లేదంటే కుందేలుకి మేత వేశారా లేదా అని అనుమానం వస్తుంది. కాగితం ముందు ఆ పప్పులు ఉడకవు. చివరిదాకా చదవాల్సిందే.

మ్యాజిక్ ఆటలో వేసుకునే నీ కోటు శిష్యుడికి ఇచ్చేశావు. హాల్లో శనివారం ఆట కూడా ఇకనుంచి అతనిదే అన్నావు. "నువ్వు ఎప్పటిలాగే పెట్టెలో ఉండమ్మా, అతనికి కొత్త కదా" అని నాకు మాత్రం నా చోటు నాకే ఇచ్చావు. నేను పెట్టెలో ఉండను. ఇక ఎప్పుడూ ఉండను. ఈ సంగతి చెప్పకుండా ఇల్లు వదిలి వచ్చి లాడ్జి వెనక గదిలో ఉంటున్నందుకు అమ్మ ఏడుస్తోందని తెలుసు. అందుకే కారణం కూడా రాస్తున్నాను.

రాసిపెట్టిన ట్రిక్కు దొంగ చేతిలో పడ్డట్టే అంటూ మన ఇంట్లో ఒక్క రహస్యాన్నీ కాగితం మీదికి ఎక్కనివ్వలేదు నువ్వు. నీకు కోటు ఉంది. రొమ్ము దగ్గర జేబులో గుడ్డు, దాని కింద తాడు, నడుము దగ్గర ఉంగరాలు. జేబు తడిమితే చాలు, ఏ మాట అనాలో, ఎటు తిరగాలో, జనం ఎక్కడ నవ్వుతారో అన్నీ నీ వేళ్లకి గుర్తొచ్చేవి. ఖాళీ జేబుకి కూడా పని పెట్టావు. అక్కడికి చెయ్యి వెళ్లిందంటే ఇక పెట్టె తెరిచే వేళయిందని. చిన్నప్పుడు నాకూ అలాంటి కోటు కావాలని అడిగాను. "ఆడపిల్లల బట్టలకి జేబులుండవు కదా పిట్టా" అని నవ్వేశావు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

జేబుల్లేనిదాన్ని కాబట్టి నా దారి నేను వెతుక్కున్నాను. లాడ్జిలో గదులు సర్దుతానని నీకు తెలుసు, ఎలా సర్దుతానో తెలియదు. పై అంతస్తులో మెట్ల పక్క గదిలో దుప్పటి దులిపితే అది పట్టు రుమాళ్ల ట్రిక్కు. ఏ మూల ముందు వదలాలో, ఏ మూల వేలికి చుట్టి ఆపాలో అక్కడే సాధించాను. పక్క గదిలో గ్లాసులు కడిగి బోర్లిస్తే గిన్నెలూ బంతులూ. దిండుకి గలీబు తొడిగితే గుడ్డు. కిటికీ తెర లాగితే తాడు. కింద గుమాస్తా బల్ల దగ్గర తాళంచెవులు పలకకి తగిలిస్తే ఉంగరాలు. పైనుంచి కిందికి దిగేసరికి నీ ఆట మొదలుపెట్టి ముగించేస్తాను. ఏ గదిలోనైనా మనిషి ఇంకా నిద్రలేవకపోతే ఆ ట్రిక్కు వదిలెయ్యను, వసారాలో ఖాళీ చేతులతో చేసి మరీ ముందుకి వెళ్తాను. లాడ్జి యజమానురాలు ఓసారి చూసి, "ఏమే, గాల్లో చేతులు తిప్పుతూ ఎవరితో పోట్లాడుతున్నావ్?" అంది. "మా నాన్నతో" అన్నాను.

ఎదుట కూర్చున్నవాళ్లకి ట్రిక్కు కనపడదు. పెట్టెలో ముడుచుకున్నదానికి ట్రిక్కు తప్ప ఇంకేమీ కనపడదు. పలకల సందులోంచి నేను చూడనిది లేదు. గుడ్డు మాయం చేసి, తరువాత ఏమిటో తోచక నువ్వు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడిపోయిన రోజు గుర్తుందా? నేను లోపలినుంచి పలక మీద తట్టాను, తాడు ముడి బిగించేటప్పుడు నువ్వు తట్టే తీరులోనే. "పెట్టెలో దయ్యం తొందరపడుతోంది" అని జోకు వేసి తాడు తీశావు. జనం పడీ పడీ నవ్వారు. ఆ తరువాత చాలాసార్లు తట్టాను. ఇంటికొచ్చాక నువ్వు ఆ మాట ఎత్తలేదు, నీ పరువని నేనూ ఎత్తలేదు.

మొన్న రిహార్సల్ అయ్యాక నేను పెట్టెలోంచి బయటికి వెళ్లిపోయాననుకున్నారు మీరు. కాలు తిమ్మిరెక్కి లోపలే ఉన్నాను. హాలు మేనేజరు నిన్ను అడిగాడు, "మీ అమ్మాయికి ఇవ్వొచ్చుగా ఆట?" అని. నువ్వన్నావు, "దానికేం తెలుసండీ, ముడుచుకుని కూర్చోవడం తప్ప." శిష్యుడు నవ్వాడు. నాకు కాలు తిమ్మిరి పోయినా చాలాసేపు లేవబుద్ధి కాలేదు నాన్నా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, సరే. కానీ ఆ చెట్టు ఆకు నమిలే కదా నువ్వు ఇన్నాళ్లూ నిలబడ్డది.

నిన్న మేనేజరు దగ్గరికి వెళ్లాను. "మీ నాన్న ఒప్పుకుంటే చూద్దాం" అన్నాడు. "ఆయన ఒప్పుకోరు, మీరు చూడండి" అన్నాను. శుక్రవారం నేనూ శిష్యుడూ ఆయన ముందు చేసి చూపించాలి. ఎవరిది బాగుంటే శనివారం వాళ్లది. నీకు ముందే చెప్పడం నా మర్యాద, నీ అనుమతి కోసం కాదు.

నీ కూతురు,
పిట్ట


పిట్టకి,

ఆశీస్సులు. నీకు అక్కర్లేదనుకున్నా సరే, నా దగ్గర ఉంచుకుని నేనేం చేసుకోను?

నీ ఉత్తరం దగ్గకుండా చదివాను. మీ అమ్మ మళ్లీ చదివించుకుంది. పలక మీద తట్టిన సంగతి దానికి ఇప్పుడే తెలిసింది. నాతో మాట్లాడటం లేదు.

ఇక్కడొక ముప్పు వచ్చిపడింది. శిష్యుడికి పొట్ట దగ్గర కోటు బిగుతైందట. నాతో ఒక్క మాట చెప్పకుండా వదులు చేయించడానికి దర్జీకి ఇచ్చాడు. ఆ మహానుభావుడు అస్తరు విప్పి చూశాడు. ఇన్ని జేబులెందుకు, సగం ఖాళీయేగా అని జాలిపడి, చిన్నవన్నీ కలిపి చక్కగా నాలుగు పెద్ద జేబులు కుట్టాడు. "వస్తువులు పోకుండా ఉంటాయి సార్" అని నాకే చెప్పాడు. ఇంటికి తెచ్చి తొడుక్కుని చెయ్యి పెట్టాను. గుడ్డు దొరికింది, తాడు దొరికింది. తాడు తరువాత ఏమిటో నాకు రాలేదు. రాత్రికి వస్తుందనుకున్నాను, రాలేదు.

నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. నీకు అవసరం లేదనే కోటు అతనికిచ్చాను. నడవగలిగినవాళ్లకి ఎవరైనా చేతికర్ర ఇస్తారా? ఇదంతా నేను ముందే ఆలోచించి చేసిందే. మేనేజరుతో అన్న మాట అంటావా, కూతుర్ని పరాయివాళ్ల ముందు పొగుడుకోవడం బాగుండదని అన్నాను.

కాబట్టి పంతాలు మాని ఒక్క పూట ఇంటికి రా. అతని పక్కన నిలబడి ఏ జేబు ఎక్కడో, దేని తరువాత ఏదో చెప్పు. దర్జీ మళ్లీ కుడతాడు. శుక్రవారం పోటీ మాట నేను మేనేజరుతో మాట్లాడి మాన్పిస్తాను. ఇంటిగుట్టు నలుగురిలో పడితే ఎవరికి లాభం?

నాన్న


నాన్నకి,

చేతికర్ర మాట చాలా బాగుంది. చదివి నేనూ కాసేపు నమ్మాను, కళ్లు కూడా తడిశాయి. తరువాత నువ్వు నేర్పిన మొట్టమొదటి పాఠం గుర్తొచ్చింది. ట్రిక్కు చెడితే కంగారుపడొద్దు, మొదటినుంచీ ఇదే చేద్దామనుకున్నట్టు నవ్వి, జనానికి వంగి నమస్కారం పెట్టాలి. నువ్విప్పుడు వంగుతున్నావు. మన ఇంట్లో నిజంగానే కుందేలు ఉన్నా, దానికి నాలుగు కాళ్లని నీతో అనే ధైర్యం ఇన్నాళ్లూ ఎవరికీ లేకపోయింది. నేనంటున్నాను. నువ్వు ఆలోచించి చేయలేదు. నీకు మరుపు వస్తోంది, భయమేసింది. మరిచిపోతే శిష్యుడి ముందు దబాయించవచ్చు, నా ముందు కుదరదు. అందుకే నన్ను పెట్టెలో ఉంచి మూత వేశావు.

నేను ఇంటికి రాలేదు. శుక్రవారం హాలుకే వెళ్లాను. శిష్యుడు పెద్ద జేబులో ఉంగరాల కోసం వెతికితే తాడూ రుమాళ్లూ చుట్టుకుని ఒక్కసారే బయటికొచ్చాయి. పాపం, వెధవ మనిషేమీ కాదు. తనే నవ్వేసి, "అక్కా, ఇక నువ్వు చెయ్యి" అని పక్కకి జరిగాడు. నేను ఉత్త చేతులతో నిలబడ్డాను. మనసులో లాడ్జి మెట్లు ఎక్కి, పై గది తలుపు తీసి, దుప్పటి అందుకున్నాను. మేనేజరు మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. శనివారం నాది.

వరస చెప్పమన్నావు. అతనికి చెప్పను, దర్జీకి చెప్పను. నీకు చెబుతాను. "మరిచిపోయాను పిట్టా" అని నువ్వు నోరు తెరిచి అడిగితే, ఏ ఉదయమైనా సరే. లాడ్జికి వచ్చి నా వెనకే ఒక్కో గదికీ నడువు. నీ ట్రిక్కులు ఒక్కటీ పోలేదు నాన్నా, అన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటికోసం నువ్వు ఎన్నిసార్లు అడిగినా నేను విసుక్కోను. కానీ అడగాలి.

శనివారం ముందు వరసలో నీకూ అమ్మకీ కుర్చీలు పెట్టించాను. తప్పకుండా రండి. ఆట అయ్యాక జనం చప్పట్లు కొడతారు. నువ్వు అలవాటు కొద్దీ లేచి నిలబడి వంగబోతావు. వద్దు, కూర్చో. అవి నాకు.

పిట్ట